తెలియదనని నగరం

ఆరు వేళ్ల పాదముద్ర శతద్వారపురం తూర్పు వాకిలి ముందు ఆగిపోయింది.

పదకొండు రోజులుగా మైలారుడు ఆ ముద్ర వెంటే నడిచాడు. ముళ్లకంపల్లో, వాగు ఇసుకలో, కాలిన గడ్డిలో, చివరికి ఒక మొసలి వీపు మీద కూడా దాన్ని పట్టుకున్నాడు. మొసలి సంగతి అతనే చెప్పుకుంటాడు, నమ్మడం నమ్మకపోవడం వినేవాళ్ల ఇష్టం. ఇప్పుడు ఎదురుగా నున్నగా చెక్కిన నల్లరాతి బండలు పరిచిన రాచబాట ఉంది. బండ మీద ఆరు వేళ్లేమిటి, అరవై వేళ్లున్నా అచ్చు పడదు.

మైలారుడిది కుంతాళ రాజ్యపు అడవుల్లో జాడలు తీసే వంశం. ఐదు తరాలుగా ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ దారి అడిగిన పాపాన పోలేదు. దారి తెలియదన్న మాట వాళ్ల నోట ఎన్నడూ రాలేదు. ఆ గర్వమే కొంప ముంచింది. పక్షం కిందట ఒక బైరాగి ఎదురై, "రాజకోటకు ఏదో అడ్డదారి ఉందంటారు. నీలాంటి కుర్రాడికి అదేం తెలుస్తుందిలే" అని పెదవి విరిచాడు. అంతే! చీమకు కూడా తెలియని దారిన మైలారుడు అతన్ని అంతఃపురం గోడ దాకా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి దిగబెట్టి వచ్చాడు.

ఆ బైరాగే ఘర్ఘరుడు. గొంతులు దొంగిలించే మాంత్రికుడు. మర్నాడు పొద్దున్న రాకుమారి వకుళిక నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

రాబోయే దశమికి ఆమె పట్టాభిషేకం. ప్రమాణం సొంత గొంతుతో పలకకపోతే సింహాసనం మంత్రి పాలవుతుంది. "దారి చూపింది నువ్వు. దారి వెతకాల్సిందీ నువ్వే" అని వకుళిక తాటాకు మీద రాసి అతని చేతికిచ్చింది. నాలుగు తిట్లు రాసినా బాగుండేదని మైలారుడు ఇప్పటికీ అనుకుంటాడు.

దారిలో ఒక శబర ముసలమ్మ అసలు రహస్యం చెప్పింది. ఘర్ఘరుడు దొంగిలించిన గొంతును రోజుకింత తాగుతాడు. పౌర్ణమినాడు సూర్యుడు కుంకే వేళకు ఆఖరి గుక్క. అది దిగిందా, ఆ గొంతు ఇక అతనిదే. కానీ అడుగున ఒక్క చుక్క మిగిలినా చాలు, పాలకు తోడు వేసినట్టు గొంతంతా మళ్లీ తోడుకుంటుంది.

ఈరోజే పౌర్ణమి.

"దయచేయండి, అతిథి మహాశయా!" అన్నాడు వాకిటి కాపరి, నడుము విరిగేలా వంగి. "ఏం కావాలన్నా మొహమాటం లేకుండా అడగండి. ఈ నగరంలో తెలియదన్న మాట మీ చెవిన పడదు."

"అంత తెలివైనవాళ్లా ఇక్కడి జనం?"

"శాసనం అండీ! ఈ నగరం కట్టించిన మహారాజు కుర్రతనంలో పరదేశంలో దారి తప్పారు. ఎవరినడిగినా తెలియదనేవారేనట. మూడు రోజులు అన్నం నీళ్లు లేకుండా తిరిగారు. అందుకని నా నగరంలో అతిథి ఆ మాట వినకూడదని రాయి మీద చెక్కించారు. ఎవడైనా నోరు జారితే అర్ధగుండు, ముఖాన సున్నపు బొట్లు, గాడిద మీద ఊరేగింపు. అదిగో, ఎర్ర తలపాగాల మర్యాద భటులు. ప్రతి కూడలిలోనూ చెవులు రిక్కించుకుని ఉంటారు."

"మరి నిజంగానే తెలియకపోతే?"

కాపరి ఆ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "అదెలా కుదురుతుందండీ? శాసనం ఉందిగా!"

మైలారుడు ఆకాశం వైపు చూశాడు. ఐదు తరాల తాతలు పైనుంచి చూస్తూ ఉంటారు. అయినా తప్పదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషిని దారి అడిగాడు. "ఘర్ఘరుడి ఇల్లెక్కడ?"

కాపరి కనురెప్ప ఒకసారి కొట్టుకుంది. తర్వాత ముఖం నిండా నవ్వు. "ఓ! ఆయన ఇల్లా! కళ్లు మూసుకుని పోవచ్చు. దక్షిణంగా వెళ్లి, సింహపు నోటి నీటిధార దగ్గర ఎడమకు మళ్లి, ఆకుపచ్చ తలుపు తట్టండి."

శతద్వారపురం చూడవలసిన ఊరే. మేడల మీద మేడలు, మేడల మధ్య రాతి వంతెనలు, వంతెనల కింద పన్నీరు చిలికే అంగళ్లు. ఒక వీధి నిండా అద్దాలు చేసేవాళ్లు. ఆ వీధిలో నడుస్తుంటే మనిషికి తానే వందమందై ఎదురొస్తాడు. మరో వీధిలో చిలకలకు శ్లోకాలు నేర్పే పంతుళ్లు, శ్లోకాలు మరిచిపోయి తిట్లు పట్టుకున్న చిలకలు. రంగురంగుల పట్టు జెండాలు నీడనిస్తుంటే జనం ఏరులా పారుతున్నారు. పక్కకు జరుగుతూ కూడా నమస్కారం పెట్టి మరీ జరుగుతున్నారు. మైలారుడు మాత్రం వాళ్ల కాళ్లే చూసుకుంటూ నడిచాడు. అలవాటు మరి.

ఆకుపచ్చ తలుపు తట్టాడు. తలుపు తెరిచినవాడికి మెడ లేదు. తల తిన్నగా భుజాల మీదే కూర్చుంది.

"సవాలా? రా!" అన్నాడు ఆ మల్లుడు ఆనందంగా. ఆ ఊళ్లో కుస్తీకి పిలవదలచినవాడే ఆ తలుపు తడతాడు. మైలారుడు సంగతి చెప్పబోయేలోగా ఎర్రమట్టిలో రెండుసార్లు వెల్లకిలా పడ్డాడు. మూడోసారి మల్లుడు అతని మెడను చంకలో ఇరికించుకుని మెల్లగా నొక్కుతున్నాడు. కళ్ల ముందు నక్షత్రాలు మొలిచాయి. ఆ నక్షత్రాల్లో ఒక ఉపాయం తళుక్కుమంది.

"అయ్యా... నేను పరదేశిని... బయటికి... దారెటు?"

"అయ్యో, అతిథివా! ముందే చెప్పొద్దూ!" మల్లుడు మర్యాదగా పట్టు సడలించి, చెయ్యి చాచి చూపించాడు. "అదిగో, ఆ కుండీ పక్కనుంచి..."

మైలారుడు కుండీ పక్కనుంచి కాదు, కుండీ మీదినుంచే దూకి వీధిలో పడ్డాడు. ఆ దారి ఒక్కటే ఆరోజు నిజంగా సరైన దారి.

తర్వాత పూలమ్మే ఒకామెను అడిగాడు. ఆమె బంతిపూల దండ గుచ్చుతూనే గడ్డంతో పడమర చూపింది. "పెద్ద వాకిలి నాయనా, తెరిచే ఉంటుంది." పెద్ద వాకిలే, తెరిచే ఉంది. లోపల మదమెక్కిన ఏనుగు ఉంది. గొలుసు తెంచుకుని అది పెట్టిన పరుగుకు ముందు మైలారుడు, వెనక మావటీడు, ఆ వెనక మావటీడి పెళ్లాం. "ఏవండీ, అన్నం చల్లారిపోతోంది!" అని అరుస్తోంది ఆమె. ఒక వంతెన కమాను పట్టుకుని వేలాడి మైలారుడు బతికాడు. పై పంచె ఏనుగు పట్టుకుపోయింది.

ఇద్దరు శాస్త్రులను అడిగితే ఒకాయన ఆగ్నేయమన్నాడు, ఇంకొకాయన నైరుతి అన్నాడు.

"మీ నాన్నగారూ ఇలాగే అడ్డంగా వాదించేవారు!"

"మా నాన్నగారి ఊసెత్తకు! మీ తాతగారు చెప్పిన తిథికి పెళ్లి చేసుకుని ఆయన ఎంత ఏడ్చారో నాకు తెలుసు!"

పిలకలు పట్టుకున్నారు. పక్కనే నిలబడ్డ మర్యాద భటుడు, అతిథికి ఒకటికి రెండు దారులు చెప్పినందుకు ఇద్దరినీ మెచ్చుకున్నాడు.

సూర్యుడు నడినెత్తి దాటి వాలాడు. మైలారుడు ముప్పై ఏడుగుర్ని అడిగాడు. ముప్పై ఏడు చోట్లకు పోయాడు. అద్దకంవాళ్ల నీలిమందు తొట్టిలో ఒక కాలు, మేకల సంతలో ఇంకో కాలు పెట్టాడు. ఒక పెళ్లివారింట అతన్ని పెళ్లికొడుకు తరఫు పెద్దగా కూర్చోబెట్టి కాళ్లు కడిగారు కూడా. చివరికి పాదాలు బొబ్బలెక్కి, బజారు నడుమ చెక్కలు వేయిస్తున్న ఒక అవ్వ పొయ్యి పక్కన కూలబడ్డాడు. ఆమె పేరు ఓబుళవ్వ.

"ముఖం చూస్తేనే తెలుస్తోంది నాయనా, పొద్దుటినుంచీ మా వాళ్ల మర్యాద తిన్నట్టున్నావు. ఇది తిను." ఒక చెక్క చేతిలో పెట్టింది.

"ఈ ఊళ్లో ఎవరికైనా ఏ ఇల్లైనా తెలుసా అవ్వా?"

అవ్వ గొంతు తగ్గించింది. "ఇక్కడే పుట్టాను, ఇక్కడే ముసలిదాన్నయ్యాను. నా కోడలి పుట్టిల్లు ఎక్కడో నాకే తె..." అంటూ ఉండగా ఎర్ర తలపాగా ఒకటి అటు తిరిగింది. అవ్వ వెంటనే గొంతు పెంచింది. "తెలియకేం! చక్కగా తెలుసు! ఏనుగుల చావడి దాటి కుడిపక్క!"

తలపాగా తృప్తిగా ముందుకు సాగింది. అవ్వ నుదుటి చెమట తుడుచుకుంది. "వాళ్లమ్మ పోయినప్పుడు చూడడానికి బయల్దేరి, ఇల్లు దొరక్క తిరిగి తిరిగి మూడు రోజులకు ఇంటికొచ్చాను నాయనా. దినాలకు అందితే చాలనుకుని."

మైలారుడికి నవ్వు రాలేదు. పొయ్యిలోని బొగ్గుముక్క తీసి, ముందున్న బండ మీద ఊరి బొమ్మ గీశాడు. అడవిలో జాడ తప్పితే అతను చేసే పని అదే. తాను తిరిగిన చోటల్లా ఒక చుక్క పెట్టాడు. తూర్పున చుక్కలు, దక్షిణాన చుక్కలు, పడమట ఏనుగు దగ్గర ఒక పెద్ద చుక్క. బండంతా మశూచి పోసినట్టయింది.

ఒక్క వాయవ్య మూల మాత్రం ఖాళీగా ఉంది. ఊళ్లో ఎటునుంచి చూసినా కనిపించే పావురాల గోపురం అవతల ఒక్క చుక్క లేదు.

మైలారుడి వీపు నిటారుగా లేచింది. జింకల మంద ఒక బీడు మేసి పోయాక చూడాలి. గడ్డంతా కొరికి ఉంటుంది. ఎక్కడైనా ఒక్క పొద చుట్టూ గడ్డి మోకాలెత్తున మిగిలిందంటే, ఆ పొదలో పులి ఉన్నట్టు. తండ్రి అతనికి నేర్పిన మొదటి పాఠం అది. తెలియనివాడి చెయ్యి ఎటైనా లేస్తుంది. ముప్పై ఏడు చేతుల్లో ఒక్కటైనా గుడ్డిగానైనా అటు లేవాలి. లేవలేదు. అంటే ఘర్ఘరుడి ఇల్లు ఎవరికీ తెలియక కాదు, అందరికీ తెలిసే!

లేచి తిన్నగా మర్యాద భటుడి దగ్గరకు పోయి, గట్టిగా అడిగాడు. "అయ్యా, పావురాల గోపురం అవతల ఏముంది?"

భటుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి పైకి లేచింది, మళ్లీ కిందికి దిగింది.

"తె... తెలియదు" అన్నాడు.

బజారు బజారంతా కొయ్యబారిపోయింది. ఓబుళవ్వ బాణలిలో చెక్కలు మాడిపోతున్నా ఎవరికీ పట్టలేదు. ఒక ముసలాయన చెవులు మూసుకున్నాడు. నాలుగు కూడళ్ల అవతలినుంచి మిగతా ఎర్ర తలపాగాలు పరుగెత్తుకొచ్చాయి, వెంట మంగలి, గాడిద.

"అయ్యో, ఉద్యోగం పాయె, జుట్టూ పాయె!" అంది అవ్వ.

భటుడు మాత్రం ఏదో బరువు దిగినవాడిలా హాయిగా తల వంచాడు. "గీయండి, గీయండి. ఒక్కటే మనవి. ఊరేగింపు ఆ వైపు మాత్రం తీసుకుపోకండి."

మైలారుడు అప్పటికే ఆ వైపే పరుగెడుతున్నాడు.

పావురాల గోపురం దాటగానే రద్దీ కత్తిరించినట్టు ఆగిపోయింది. పావురాలు సైతం ఆ వీధి గోడల మీద వాలడం లేదు. మనుషులు తొక్కని బండల మీద పచ్చగా నాచు పట్టింది. ఆ నాచు మీద స్పష్టంగా ఆరు వేళ్ల ఎడమ పాదం! మైలారుడికి కళ్లు చెమర్చినంత పనైంది. బొబ్బలెక్కిన కాళ్లకు ఆ ముద్ర పాతచుట్టంలా కనిపించింది.

జాడ ఒక తలుపు ముందు ఆగింది. తలుపు తెరిచే ఉంది.

లోపల నేలనుంచి కప్పుదాకా అరలు. అరల నిండా శంఖాలు. పాల రంగువి, పగడపు రంగువి, గుమ్మడికాయంతవి, గురిగింజంతవి. ప్రతి శంఖంలోనూ ఎవరిదో గొంతు తేనెతుట్టెలా జుమ్మంటోంది. నడుమ ఉయ్యాల బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని ఘర్ఘరుడు కూర్చుని, ఏదో చప్పరిస్తున్నాడు.

"రావయ్యా, దారి చూపిన మహానుభావా!" అన్నాడు. మాటలో సగం రంపం, సగం వీణ. ఆ వీణ వకుళికది. "గొంతు కోసం వచ్చావు కదూ? దొరికితే తీసుకుపో. ఇన్ని వేల గుల్లల్లో ఎందులో ఉందో చూసుకో. సూర్యుడు కుంకడానికి ఇంకా మూరెడు పొద్దుంది."

కుడిచేత్తో తూర్పు గోడ చూపాడు, దక్షిణ గోడ చూపాడు, పడమర చూపాడు, కప్పు కూడా చూపాడు. మైలారుడు ఆ చెయ్యి వంక చూడలేదు. ఈ ఊళ్లో చెయ్యి చూపే చోటుకు పోవడం బండ మీద చుక్కలు పెట్టినప్పుడే మానేశాడు. చూపని చెయ్యి వైపు చూశాడు. ఎడమచేతిలో అంచు విరిగిన ఒక చిన్న గుల్ల. పసిపిల్లలకు ఉగ్గు పట్టే పాటిది. అందులోంచి మిరియాల కషాయం వాసన. ఘర్ఘరుడు మందు తాగినట్టు గొంతును తాగుతున్నాడు!

గుల్ల లాక్కోవాలంటే పది అడుగుల దూరం. మాంత్రికుడికి మింగడానికి రెప్పపాటు చాలు.

మైలారుడు గుమ్మం మీద కూలబడి ఎండిన పెదవులు తడుముకున్నాడు. "ముందు గుక్కెడు మంచినీళ్లు ఇప్పించండి బాబూ. పరదేశిని, అతిథిని."

"అయ్యో, ఎంతమాట!"

ఘర్ఘరుడు ఎన్ని మంత్రాలు నేర్చినా నలభై ఏళ్లుగా శతద్వారపురంలో కాపురమున్నవాడు. మర్యాద ఎముకల్లోకి దిగిపోయింది. అతిథికి ఒంటిచేత్తో నీళ్లివ్వడం ఆ ఊళ్లో మహాపరాధం. చేతిలోని గుల్లను ఉయ్యాల బల్ల మీద పెట్టి, రెండు చేతులా చెంబు ముంచడానికి కుండవైపు తిరిగాడు.

తిరిగినవాడు ఏం పొరపాటు చేశాడో గ్రహించి ఇటు తిరిగేసరికి బల్ల ఖాళీగా ఊగుతోంది.

మైలారుడు ఒక అరచేత గుల్ల పట్టి, రెండో అరచేత్తో దాన్ని మూసి, నాచు మీద జారుతూ, గోపురం దాటుతూ పరుగెత్తాడు. అడుగున మిగిలింది ఒక్క గుక్క. ఒలికితే వకుళికకు బతుకంతా మౌనమే. నిండుకుండతో తాడు మీద నడిచేవాడు కూడా ఇంత తిప్పలు పడి ఉండడు. పొద్దున ఏనుగు వెనక పరుగెత్తిన మావటీడు ఎదురై నమస్కారం పెట్టాడు. మల్లుడు ఎదురై, "మళ్లీ సవాలా?" అని చేతులు చాచాడు. మైలారుడు ఆ చేతుల కిందనుంచి దూరిపోయాడు. అర్ధగుండుతో గాడిద మీద ఊరేగుతున్న మర్యాద భటుడు అతన్ని గుర్తుపట్టి, "తూర్పు వాకిలి తిన్నగా ముందుకే! ఇప్పుడు నిజం చెప్పినా నాకు పోయేదేం లేదు!" అని అరిచాడు.

వెనక ఘర్ఘరుడు అరలోంచి ఒక పెద్ద శంఖం లాగి నోట పెట్టుకున్నాడు. ఊరంతా దద్దరిల్లేలా, పదేళ్ల కిందట చచ్చిపోయిన సేనాపతి గొంతు మోగింది. "ద్వారాలు మూయండి!"

చచ్చినవాడైనా సేనాపతి సేనాపతే. నూరు ద్వారాలూ ఒక్కసారి కిర్రుమన్నాయి.

మైలారుడు చేరేసరికి తూర్పు వాకిలి తలుపులు కలుసుకున్నాయి. పొద్దుటి కాపరి అడ్డగడియ బిగిస్తూ, చెమట తుడుచుకుంటూ వంగి నమస్కరించాడు.

"బయటికి ఇంకో దారుందా?" మైలారుడు రొప్పాడు.

"ఎందుకు లేదండీ!" అన్నాడు కాపరి నిబ్బరంగా. ఎడమ బురుజు చూపాడు, కుడి బురుజు చూపాడు, మొసళ్ల అగడ్తలోకి పోయే తూము కూడా చూపాడు. తన వీపు వెనక్కి మాత్రం చూపలేదు.

మైలారుడు అతన్ని పక్కకు నెట్టాడు. వీపు వెనక, పెద్ద తలుపు పక్క గోడలో మనిషి వంగి దూరేపాటి దిడ్డి తలుపు! తోసుకుని దూరాడు. వెనక దానంతట అదే గడియ పడింది.

అది బయలు కాదు. రెండు కోట గోడల నడుమ ఇరుకు సందు. కొన్ని అడుగుల తర్వాత మూడుగా చీలింది, ఆ మూడూ ముందు తొమ్మిదిగా చీలుతున్నాయి. కింద బండ, అటూ ఇటూ బండ. ఎక్కడా ఒక్క జాడ లేదు.

అరచేతుల మధ్య గుల్ల చిన్నగా వణికింది. పదిహేను రోజుల తర్వాత ఒక గొంతు ఊపిరంత సన్నగా పలికింది.

"మైలారా... మనం ఎక్కడున్నాం?"

మైలారుడు ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, పైనున్న తాతలను తలుచుకున్నాడు. ఐదు తరాల నోట రాని మాట అతని నోటిదాకా వచ్చి కాసేపు తచ్చాడింది.

"తెలియదు, రాకుమారీ" అన్నాడు.

ముందున్న చీకటి మలుపులోంచి ఎవరో మర్యాదగా దగ్గారు.

"అయ్యయ్యో, మైలారా! రాకుమారి లాంటి అతిథి ముందు ఆ మాటా? ఈ సందులన్నీ నాకు నలభై ఏళ్లుగా తెలుసు!"

సగం రంపం, సగం వీణ.

మైలారుడు గుల్లను గుండెకు అదుముకున్నాడు. పైన గోడల నడుమ జానెడు ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది.